మండి బజార్ గల్లీలో కుట్టు మిషన్ రిపేరు కొట్టు: ముందు సూది, తర్వాతే స్క్రూడ్రైవర్

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు, లంగాలు, ఫాల్స్ కుట్టి సంసారం నడుపుతున్న ఆడవాళ్ళు గల్లీకొకరైనా ఉంటారు. మిషన్ మొరాయిస్తే వాళ్ళకు ఆ రోజు సంపాదన పోయినట్టే. నేనూ వాళ్ళలో ఒకదాన్ని కాబట్టి ఈ కొట్టు గురించి వివరంగా రాస్తున్నాను. మంచి మెకానిక్ దొరకడం ఎంత కష్టమో, దొరికితే ఎంత ధైర్యంగా ఉంటుందో మిషన్ మీద బతికేవాళ్ళకే తెలుస్తుంది.

కొట్టు వరంగల్ మండి బజార్ నుంచి లోపలికి పోయే ఒక సన్నటి గల్లీలో ఉంది. బోర్డు మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి. బయట అరుగు మీద వరసగా నల్ల మిషన్లు కనిపిస్తాయి, అదే గుర్తు. నడిపే పెద్దాయన్ని అందరూ చాచా అంటారు.  వరంగల్ ఆజంజాహీ బట్టల మిల్లు మూతపడేనాటికే ఈ కొట్టు ఇక్కడ ఉందని పక్క టీ కొట్టాయన చెప్పాడు. సాయానికి ఆయన కొడుకు కూర్చుంటాడు కానీ సెట్టింగ్ పని మాత్రం చాచా చేతుల మీదుగానే జరుగుతుంది.

నా మిషన్ కరెంటుతో నడిచేది. మామూలు కుట్టు, జిగ్‌జాగ్, కాజా కుట్టు ఉన్న రకం, ముందు నుంచి బాబిన్ (అడుగు దారం చుట్టే చిన్న రీలు) పెట్టేది. బతుకమ్మకు ముందు పట్టు జాకెట్ల గిరాకీ ఎక్కువ. ఒక జాకెట్టు చేతికి జరీ అంచు, దాని కింద క్యాన్వాస్, లైనింగ్ కలిపి కుడుతుంటే సూది టక్కుమని విరిగింది. కొత్త సూది వేశాక మిషన్ తిరుగుతోంది కానీ నాలుగు కుట్లు పడితే ఒకటి పడటం లేదు. పలచటి గుడ్డ మీద అంతగా తెలియలేదు. మందం దగ్గరికి వచ్చేసరికి వరసగా దాటేస్తోంది. మధ్యమధ్య అడుగున దారం ఉండ కడుతోంది. కుట్టు దాటిన జాకెట్టు ఎవరికీ ఇవ్వలేం. చంక దగ్గర ఒక్క కుట్టు తప్పినా చెయ్యి పైకెత్తగానే అక్కడి నుంచే విచ్చుకుంటుంది.

ముందు ఇంకో చోట చూపించాను, ఆ పేరు ఇక్కడ రాయను. స్విచ్ వేసి, పెడల్ తొక్కి, చప్పుడు విని "మోటారు పోయిందమ్మా, 1,800 అవుతుంది, దానికి బదులు కొత్త మిషనే కొనండి" అన్నారు. సూది వైపు చూడను కూడా చూడలేదు. నాకది నమ్మబుద్ధి కాలేదు. మోటారు బలహీనపడితే మిషన్ మెల్లగా తిరగాలి, మందం దగ్గర ఆగిపోవాలి, లేకపోతే కాలిన వాసన రావాలి. చక్కగా తిరుగుతూ కుట్టు దాటేస్తే మోటారు ఏం చేస్తుంది?

చాచా దగ్గర మొదటి తేడా అక్కడే కనిపించింది. ఆయన ప్లగ్గే పెట్టలేదు. ఒక గుడ్డముక్క పెట్టి, కుడిపక్క చక్రాన్ని చేత్తో మెల్లగా తనవైపు తిప్పుతూ కుట్టు వేశారు. చేత్తో తిప్పినా కుట్టు తప్పింది. "మోటార్ల ఏం లేదు బిడ్డా, మోటారు తిప్పుడే దాని పని. గిది కిందమీద జరిగిన పని" అన్నారు. 1,800 రూపాయల మాట అంతటితో తేలిపోయింది. ఇంట్లో ఎవరైనా చేసుకోగలిగిన పరీక్ష ఇది. చక్రం చేత్తో తిప్పినప్పుడు కూడా అదే తప్పు కనిపిస్తే మోటారుకూ పెడల్‌కూ డబ్బు పెట్టనక్కర్లేదు. చక్రం బిగుసుకుపోయి తిరగకపోతే దారం ఇరుక్కుందో, నూనె ఎండిందో చూడాలి. చక్రం తిరుగుతున్నా సూది కదలకపోతే, చాలా మిషన్లలో అది బాబిన్ చుట్టేటప్పుడు వదులు చేసే భాగం మళ్ళీ బిగించకపోవడమే.

తర్వాత సూది తీశారు. కొత్తదేనని చెప్పినా సరే తీశారు. కొట్టులో ఒక చిన్న అద్దం పలక ఉంది. దాని మీద సూది చదును వైపు ఆనించి వెలుతురుకు ఎత్తి చూశారు. సూదికీ అద్దానికీ మధ్య సందు మొదలు నుంచి మొన దాకా ఒకేలా ఉంటే సూది నిటారుగా ఉన్నట్టు. మొన దగ్గర సందు పెరిగినా తరిగినా వంగినట్టు. కంటికి కనిపించని వంకరే కుట్టు తప్పడానికి చాలని ఆయన అంటారు. నా సూది నిటారుగానే ఉంది. అయినా తనది ఒకటి వేసి మళ్ళీ కుట్టి చూశాకే మిగతా పని మొదలుపెట్టారు. ఆయన కొట్టుకు వచ్చే మిషన్లలో చాలా వాటికి సూది మారిస్తే చాలట. అలా బాగైన మిషన్‌కు సూది ఖరీదు తప్ప ఏమీ తీసుకోరు. నేను కూర్చున్నప్పుడే ఒకామె మిషన్‌కు అలా జరిగింది. ఇరవై రూపాయలిచ్చి ఆమె నవ్వుతూ వెళ్ళిపోయింది.

సూదుల సంగతి ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన దగ్గర సగం గొడవలు దీనివల్లే. ప్యాకెట్ మీద 11/75, 14/90, 16/100 అని ఉంటుంది. 90 అంటే సూది మందం 0.90 మిల్లీమీటర్లు. పలచటి పట్టు, షిఫాన్, జార్జెట్లకు 11, మామూలు కాటన్ జాకెట్టు లైనింగుతో కుట్టడానికి 14, జీన్స్, బ్యాగుల్లాంటి మందపు గుడ్డకు 16. లెగ్గింగ్స్, టీషర్ట్‌ల లాంటి సాగే గుడ్డకు మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది వెయ్యాలి. మామూలు సూదితో సాగే గుడ్డ కుడితే మిషన్ ఎంత మంచిదైనా కుట్లు దాటేస్తుంది. ఇంటి మిషన్ సూదికి పైభాగం ఒక పక్క చదునుగా ఉంటుంది. నా మిషన్ లాంటి వాటిలో ఆ చదును వెనక్కి ఉండాలి, సూది పూర్తిగా పైకి తగిలేదాకా తోసి బిగించాలి. కొట్లలో ఒక్కోసారి పవర్ మిషన్లకు వాడే గుండ్రటి కాడ సూది ఇచ్చేస్తారు, కొనేటప్పుడు చూసుకోవాలి. జరీ పని ఎక్కువ చేసేవాళ్ళు ఇంకా తొందరగా మార్చుకోవాలి, ఆ లోహపు పోగు మొనను త్వరగా మొద్దుబారుస్తుంది. ఎనిమిది గంటల కుట్టుకు ఒక సూది అనేది మంచి లెక్క. సూది మార్చడం దండగ ఖర్చు అనుకునేవాళ్ళు ఒక పట్టుచీర జాకెట్టు ఖరీదు గుర్తు చేసుకోవాలి.

సూది మార్చినా నా మిషన్ కుట్టు తప్పుతూనే ఉంది. అప్పుడు పైదారం చూశారు. ఫుట్ (గుడ్డను అదిమిపట్టే పాదం) పైకి ఎత్తి, దారం మొత్తం తీసేసి మొదటి నుంచీ ఎక్కించారు. ఫుట్ దించి ఉన్నప్పుడు దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ పళ్ళేలు రెండూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, దారం వాటి మధ్యకు పోకుండా పైనే తేలుతుంది. అప్పుడు దారానికి పట్టు ఉండదు, మొత్తం కిందికి జారి ఉండ కడుతుంది. అడుగున ఉండ కనిపిస్తే మనం బాబిన్‌ని తిట్టుకుంటాం, తప్పు మాత్రం పైన ఉంటుంది. నేను సాయంత్రాలు కొందరు ఆడపిల్లలకు కుట్టు నేర్పుతాను. వాళ్ళకు మొదట చెప్పేది ఇదే, ఫుట్ ఎత్తి దారం ఎక్కించమని. అదే మాట చాచా కూడా తన దగ్గరికి వచ్చిన ప్రతి మనిషికీ ఓపిగ్గా చెబుతుంటే నాకు చాలా సంతోషం వేసింది.

బాబిన్ డబ్బీని దారం పట్టుకుని వేలాడదీసి చూపించారు. ఊరికే పట్టుకుంటే డబ్బీ నిలవాలి, చెయ్యి చిన్నగా ఊపితే కాస్త జారి ఆగాలి. సర్రున జారిపోతే వదులు, ఊపినా కదలకపోతే బిగుతు. డబ్బీ పక్కన ఉన్న బుల్లి స్క్రూ పావు వంతు కూడా తిప్పక్కర్లేదు, కొంచెం తాకిస్తే చాలు. నాది సరిగ్గానే ఉంది, ఆయన దాన్ని ముట్టుకోలేదు. బాగున్నదాన్ని కదిలించకపోవడం నాకు ఆయనలో బాగా నచ్చిన గుణం.

ఇక అసలు జబ్బు. సూది కింది ప్లేటు విప్పితే గుడ్డను జరిపే పళ్ళ సందుల్లో దూదిలా నూగు పేరుకుని ఉంది, అది బ్రష్‌తో తీశారు. కింద తిరుగుతూ పైదారాన్ని అందుకునే షటిల్ బయటికి తీసి దాని మొన మీదుగా ఒక కాటన్ దారం పోగు మెల్లగా లాగారు. పోగు ఒకచోట పట్టుకుంది. అక్కడ వెంట్రుక మందం కూడా లేని గరుకు. సూది విరిగినప్పుడు షటిల్ మొనకు తగిలి లేచిన గరుకు అది. "గిది దారాన్ని గీకుతున్నది, అందుకే తెగుడు, అందుకే ఉండలు" అని నా వేలు పెట్టించి చూపించారు. నా వేలికి తెలియలేదు, కానీ పోగుకు తెలిసింది. చాలా నున్నటి ఎమెరీ కాగితంతో, మొన అరగకుండా, లోపలి వైపు మాత్రం రుద్దారు. మళ్ళీ పోగు లాగారు, మళ్ళీ రుద్దారు. పోగు ఎక్కడా ఆగకుండా జారేదాకా వదల్లేదు.

దాంతో దారం ఉండలు తగ్గాయి, కుట్టు దాటడం ఇంకా ఉంది. అప్పుడు సూదిని పట్టి ఉంచే సూదికడ్డీ చూశారు. ఈ ముక్క అర్థం కావాలంటే కుట్టు ఎలా పడుతుందో తెలియాలి. చేతిసూదికి కన్ను పైన ఉంటే మిషన్ సూదికి మొన దగ్గర ఉంటుంది. 1846లో ఇలియాస్ హౌ అనే అమెరికా మనిషి పేటెంట్ తీసుకున్న మిషన్‌లోనూ మొన దగ్గర కన్నున్న సూది, కింద షటిల్, ఈ రెండే కీలకం. ఇప్పటికీ మన ఇంటి మిషన్లు అదే పద్ధతిలో నడుస్తున్నాయి. సూది కిందికి దిగి, మళ్ళీ పైకి లేవడం మొదలుపెట్టగానే దారం వెనకవైపు చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. సూది రెండు మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ లేచిన ఆ క్షణంలోనే షటిల్ మొన వచ్చి, కన్నుకు కొద్దిగా పైన, ఆ ఉచ్చులోకి దూరాలి. దూరితే కుట్టు, దూరకపోతే దాటుడు. నా సూది విరిగిన దెబ్బకు సూదికడ్డీ పైకి జరిగింది. షటిల్ మొన వచ్చేసరికి కన్ను ఉండాల్సిన చోటుకంటే పైన ఉంటోంది, ఉచ్చు కొన్నిసార్లు అందుతోంది, కొన్నిసార్లు అందడం లేదు. పలచటి గుడ్డ మీద ఎలాగో నెట్టుకొచ్చి మందం దగ్గర చేతులెత్తేయడానికి కారణం ఇదే.

ఎడమపక్క మూత తీసి, కడ్డీ పట్టు స్క్రూ వదులు చేసి, గోటితో నెట్టినంత కిందికి దించి బిగించారు. చక్రం చేత్తో తిప్పుతూ, టార్చి వేసి, షటిల్ మొన కన్నుకు పైగా పోతోందా లేదా చూశారు. జిగ్‌జాగ్ పెట్టి సూది ఎడమకు వెళ్ళినప్పుడు ఒకసారి, కుడికి వచ్చినప్పుడు ఒకసారి చూశారు. రెండు పక్కలా అందాలి. తర్వాతే ప్లగ్గు పెట్టారు. ముందు కాటన్ ముక్క, తర్వాత జారే లైనింగ్ గుడ్డ, చివరికి నేను సంచిలో తెచ్చిన ఆ జరీ అంచు ముక్కను క్యాన్వాస్‌తో కలిపి కుట్టారు. కుట్టు తిరగేసి, సాగదీసి, నా చేతికిచ్చి "నువ్వు జూడు" అన్నారు. ఒక్కటీ తప్పలేదు. నేను తెచ్చిన గుడ్డ మీదే పరీక్ష చేసి ఇచ్చిన మెకానిక్‌ను ఇంతకు ముందు నేను చూడలేదు.

అక్కడ కూర్చున్నంతసేపు ఇంకో మిషన్ కూడా చూశాను, దాని సంగతీ చెప్పాలి. నర్సంపేట వైపు నుంచి ఒకతను వాళ్ళమ్మ కాలితో తొక్కే నల్ల మిషన్ ఆటోలో వేసుకొచ్చాడు. చక్రం రాయిలా బిగుసుకుపోయింది. చాచా నూనె వేసే రంధ్రం దగ్గర వేలితో తుడిచి వాసన చూసి "కొబ్బరినూనె పోసిండ్రు" అన్నారు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది, మన చలికాలానికి అది చాలు. పైగా వంటనూనెలు ఏవైనా రోజులు గడిస్తే జిగురులా మారి దుమ్ము పట్టుకుంటాయి. అన్ని రంధ్రాల్లోనూ కిరోసిన్ వేసి, కాసేపు ఆగి, చక్రం కొంచెం కొంచెంగా అటూ ఇటూ ఆడిస్తూ వదులు చేశారు. నల్లటి ముద్ద బయటికి వచ్చింది. అది మొత్తం తుడిచాకే మిషన్ నూనె. కిరోసిన్ జిగురు కరిగించడానికే, దాన్ని నూనెగా వదిలేస్తే ఇనుము అరిగిపోతుందని కూడా చెప్పారు. ఆ అబ్బాయి తలుపు పక్కన నిలబడి అంతా వీడియో తీసుకున్నాడు, చాచా అడ్డు చెప్పలేదు.

ఖర్చు విషయానికి వస్తే, సూదికడ్డీ సెట్టింగ్, షటిల్ పాలిష్, పూర్తి క్లీనింగ్ కలిపి నా దగ్గర 450 రూపాయలు తీసుకున్నారు. చూసినందుకు వేరే డబ్బు లేదు. ఏం చెయ్యబోతున్నారో, ఎంతవుతుందో మూత విప్పకముందే చెప్పారు, చివరికి అంతే తీసుకున్నారు. మార్చిన భాగాలు ఉంటే పాతవి కవర్లో వేసి తిరిగి ఇచ్చేస్తారు. అన్ని చోట్లా ఇలా ఉంటే ఎంత బాగుండేది!

ఇబ్బందులూ ఉన్నాయి. గల్లీలోకి కారు రాదు, ఆటో కూడా మూల దగ్గరే ఆగుతుంది, అక్కడి నుంచి మిషన్ మోసుకుపోవాలి. నల్ల మిషన్ అయితే ఒక్కరి వల్ల కాదు. ఇంటికి వచ్చి చూడరు. బిల్లు ఇవ్వరు, చీటీ మీద రాసిస్తారు. గ్యారంటీలో ఉన్న మిషన్‌కు ఇది పనికిరాదు, ముందు కంపెనీ సర్వీసుకే వెళ్ళండి, బయట విప్పితే గ్యారంటీ పోవచ్చు. కంప్యూటర్ బోర్డు ఉన్న ఎంబ్రాయిడరీ మిషన్లు ఆయన ముట్టుకోరు. "నాకు రాదు, హైదరాబాద్‌కు తీస్కపో" అని ముఖం మీదే చెప్పేస్తారు. రాని పనిని వచ్చని చెప్పి పాడుచేసేవాళ్ళకంటే ఇది వెయ్యి రెట్లు నయం. పండగల ముందు మాత్రం బాగా రద్దీ. దసరా, బతుకమ్మ దగ్గరపడ్డాక వెళ్తే మిషన్ పెట్టి రావాల్సిందే, అప్పటికప్పుడు కాదు. బడి యూనిఫాంలు కుట్టే సంఘాల ఆడవాళ్ళు జూన్‌కు ముందే సర్వీసు చేయించుకుని పోతారట, అది మంచి పద్ధతి.

నా లెక్కలో అయిదుకు నాలుగున్నర. ఆ అర తగ్గించింది బిల్లు ఇవ్వనందుకు, మోసుకుపోవాల్సి వచ్చినందుకు. పని విషయంలో అయితే పూర్తి అయిదు.

వెళ్ళేవాళ్ళకు కొన్ని మాటలు. బయల్దేరే ముందు ఇంట్లోనే కొత్త సూది వేసి, ఫుట్ ఎత్తి దారం మళ్ళీ ఎక్కించి, ప్లేటు కింద నూగు తీసి ఒకసారి కుట్టి చూడండి. అప్పటికీ బాగుకాకపోతే మిషన్‌తో పాటు బాబిన్ డబ్బీ, మీరు వాడే దారం, ఏ గుడ్డ మీద ఇబ్బంది వస్తోందో ఆ గుడ్డముక్క తీసుకెళ్ళండి. తప్పు కుట్టిన ముక్క ఒకటి దాచి చూపిస్తే ఆయనకు ఇంకా సులువు. కరెంటు మిషన్ అయితే పెడల్, వైరు కూడా కావాలి. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు కొట్టు మూస్తారు, మిగతా రోజుల్లో పదకొండింటి తర్వాత వెళ్తే చాచా తప్పకుండా ఉంటారు.